కొయ్య మోసిన నేల

నర్సీపట్నంలో బస్సెక్కి కృష్ణదేవిపేట దాటి మన్యంలోకి వెళ్తుంటే కొయ్యూరు వస్తుంది. ఆ పేరు పలికితే ముందు వినిపించేది కొయ్యే. చుట్టూ కొండలు, కొండల మీద మద్ది, వేగిస, టేకు, వెదురు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చిచంపింది ఇక్కడే. 2022 ఏప్రిల్ 4న ఆయన పేరుతో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు, అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న కొయ్యూరు అందులో చేరింది. ఊరి చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ముగిస్తారు. ఆ చుట్టుపక్కల ఇళ్లలో కాళ్ల కింద ఏముండేది, నెత్తి మీద ఏముండేది అన్న కథ మాత్రం మిగిలిపోతుంది. అది కొయ్యకూ మట్టికీ, కొయ్యకూ ఇటుకకూ, ఆఖరికి కొయ్యకూ టైలుకూ కుదిరిన పొత్తు కథ.

ఇంత కలప చేతికందే చోట కూడా ఇంటి నేల మీద చెక్క పరిచే అలవాటు లేదు. కారణం మన్యంలో ఎవరిని అడిగినా చెబుతారు: చెదలు. వానాకాలం నాలుగు నెలలూ నేల చెమ్మగానే ఉంటుంది. చెమ్మ తగిలిన చెక్క ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది, ఈలోగా చెదపురుగు కింది నుంచి తినేస్తుంది. అందుకే నేల మట్టికి వదిలేశారు. కొయ్యను గోడల పైకెత్తారు.

ఆ మట్టి నేల తయారీ చిన్న పనేమీ కాదు. ముందు పునాది నడుమ గులకరాళ్లతో కలిసిన మన్ను పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొడతారు. దిమ్మిస పడ్డచోట గుంట పడకుండా, చప్పుడు గట్టిపడేదాకా ఆ దెబ్బలు ఆగవు. దాని మీద జల్లించిన ఎర్రమట్టి, నానబెట్టి తొక్కినది, రెండు మూడు పొరలుగా వేస్తారు. ఒక్కో పొరా ఆరాలి. ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోకి పలుచటి మట్టి నింపి మళ్లీ ఆరనిస్తారు. చివరికి పేడనీళ్లతో అలుకుతారు. ఇంటావిడ గోడ దగ్గర కూర్చుని, అరచేతిని అర్ధచంద్రాకారంగా తిప్పుతూ, వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా వస్తుంది. ఆరిన నేల మీద ఆ చేతి వంకలు ఒకదాని మీద ఒకటి చేపపొలుసుల్లా కనిపిస్తాయి. పై పూత పలుచన, దాని బలమంతా కింద దిమ్మిస కొట్టిన మన్నులో ఉంది. పైది వారానికోసారి మారుతుంది, కిందది ఇల్లున్నన్నాళ్లూ ఉంటుంది.

గోడల మీదికి వెళ్లిన కొయ్య అక్కడ అటక అయింది. గోడ నుంచి గోడకు దూలాలు, వాటి మీద అడ్డంగా కర్రలు లేదా చీల్చిన వెదురు, ఆ పైన గడ్డి కలిపి తొక్కిన మట్టి. ఉత్తరాంధ్ర తీరంలో కనిపించే చుట్టిళ్లలో కూడా ఇదే పద్ధతి. పైన గడ్డి కప్పు, దాని కింద మట్టి మెత్తిన అటక. కప్పుకు నిప్పంటుకుంటే ఆ మట్టి పొర మంటను కాసేపైనా కిందికి రానివ్వదు. అటక మీద దాచిన గింజలకు ఎలుకల బెడద తగ్గుతుంది, కింద ఇల్లు చల్లగా ఉంటుంది. చెక్క మీద గట్టి పరుపు వేయడమనే పని తెలుగువాళ్లకు ఇలా అటకతో పరిచయం. మట్టి బరువుకు కర్ర ఊగితే పగులు వస్తుందని, పచ్చి కర్ర వాడితే ఎండాక వంగి మట్టి పెళ్లలుగా రాలుతుందని అటక కట్టిన ప్రతి చేతికీ తెలుసు.

రాయలసీమలో ఈ విద్య అటక దాటి ఇంటికప్పు దాకా వెళ్లింది. అక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. అక్కడి మట్టి మిద్దెలకు దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలో సన్నటి బండలో పరిచి, ఆకూ అలమూ వేసి, ఆ పైన మన్ను పోసి తొక్కుతారు. అన్నిటికంటే పైన చౌడు మట్టి. చౌడు తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే ఏటా తొలకరికి ముందు మిద్దె మీద కొత్త చౌడు వేసుకోవడం పల్లెల్లో పండగ పనిలా సాగేది. వాన మొదలయ్యాక మిద్దె ఎక్కి కారే చోటు వెతికి కాలితో తొక్కి సరిచేసేవాళ్లు. ఆ కప్పు మీదే ధాన్యం ఎండేది, వడియాలు ఎండేవి, వేసవి రాత్రుళ్లు మనుషులు పడుకునేవాళ్లు. అది కప్పూ అవును, నేలా అవును.

కొయ్య మీద ఇటుక, సున్నం, పలక వేసే పని పూర్తి శాస్త్రంగా స్థిరపడింది కోరమాండల్ తీరంలో. దానికి మద్రాసు టెర్రస్ అని పేరు. మద్రాసు ప్రెసిడెన్సీ నిండా కచేరీలు, బంగళాలు, షావుకార్ల మేడలు ఈ పద్ధతిలోనే లేచాయి. విశాఖపట్నం, గోదావరి జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి, తెలుగు తాపీ మేస్త్రీలు, వడ్రంగులు ఆ పనిలో ఆరితేరారు. ఊళ్లలో పాత డాబా అంటే చాలాచోట్ల ఇదే.

పని జరిగే తీరు ఇది. గోడల మీద టేకు పట్టెలు సుమారు అడుగున్నర ఎడంగా పేర్చేవాళ్లు. గోడలో దిగే కొసలకు తారు పూసి, చుట్టూ కాస్త గాలి ఆడే ఖాళీ వదిలేవాళ్లు, ఎందుకంటే పట్టె పుచ్చడం ఎప్పుడూ గోడలో దాగిన కొస దగ్గరే మొదలవుతుంది. ఇక ఇటుకలు. మామూలు ఇటుకలు కావు, ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే చిన్న బిళ్లలు. వాటిని పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. గోడకు సమాంతరంగా కాకుండా మూల నుంచి మూలకు ఏటవాలుగా వరసలు కడతారు. కింద చెక్కలు పరచరు, దన్ను పెట్టరు. మేస్త్రి ఒక మూల నుంచి మొదలుపెట్టి, సున్నం రాసిన ఇటుకను ముందు వరసకు అద్ది అరక్షణం పట్టుకుంటాడు. సున్నంలోని నీటిని ఇటుక పీల్చుకునే ఆ అరక్షణంలో అది అతుక్కుంటుంది. రెండు పట్టెల మధ్య శూన్యంలో ఇటుకల వరస అలా ముందుకు సాగుతుంది. చూసేవాళ్లకు గాల్లో గోడ పడుకున్నట్టుంటుంది.

ఆ ఇటుకల మీద సున్నపు కంకర: పగలగొట్టిన ఇటుక ముక్కలు, గానుగలో ఆడిన సున్నం, నాలుగంగుళాల మందం. దాన్ని కొట్టేది ఆడవాళ్లు. వరసగా కూర్చుని, చేతిలో చదునైన చెక్క బద్దలతో, కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లు చల్లుకుంటూ, రోజుల తరబడి ఒకే లయలో కొట్టేవాళ్లు. మొదట చెక్క దెబ్బకు కంకర మెత్తగా దిగిపోతుంది. పోనుపోను దిగదు. చివరికి బద్ద ఎగిరి వెనక్కి వస్తుంది, చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు వినే మేస్త్రి పని చాలించమంటాడు. ఆపైన సున్నంలో పరిచిన పలుచటి పెంకు పలకలు, రెండు వరసలు, కింది అతుకు మీద పై పలక వచ్చేలా. పైఅంతస్తుకు అదే నేల, ఆఖరి అంతస్తుకు అదే కప్పు.

ఇదంతా కలిపితే ఎనిమిది అంగుళాల మందం. చదరపు అడుగుకు ముప్ఫై కిలోలు దాటిన బరువు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది అంటే మూడున్నర టన్నులకు పైమాటే, దాన్నంతా మోసేది కొన్ని టేకు పట్టెలు. ఇక్కడే వడ్రంగి మాటకు విలువ. పట్టెకు పచ్చి కలప పనికిరాదు. కొట్టిన మానును నీడలో, గాలాడేలా పేర్చి, ఏళ్ల తరబడి ఆరనివ్వాలి. కొయ్య నిలువు పోగు వెంట దాదాపుగా కుంచించుకోదు, అడ్డంగానే తగ్గుతుంది. అందుకే ఆరని పట్టె మీద పలక వేస్తే, పలక ఉన్నచోటే ఉంటుంది, పట్టె కిందికి తప్పుకుంటుంది, మధ్యలో పగులు పుడుతుంది. టేకుకు ఆ కుంచింపు తక్కువ, పైగా దానిలోని నూనె చెదలను దగ్గరికి రానివ్వదు. మద్దికి బలముంది కానీ ఆరేటప్పుడు మెలిక తిరిగే గుణమూ ఉంది. మన్యానికి దిగువన ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర పాలమీగడలా చెక్కుకోవడానికి బాగుంటుంది, బరువు మోయడానికి పనికిరాదు. ఏ కర్ర ఏ పనికో తెలియడం వడ్రంగానికి మొదటి పాఠం.

మరి ఆ కలప ఎవరిది? కొయ్యూరు లాంటి ఊళ్లలో ఈ ప్రశ్నకు నెత్తుటి జవాబు ఉంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేసే అధికారం సర్కారుకు దక్కింది. పోడు కొట్టడం, పశువులు మేపడం, ఇంటికి కర్ర తెచ్చుకోవడం, తాతల నాటి నుంచి సాగిన పనులన్నీ అనుమతి అడగాల్సిన పనులయ్యాయి. దానికి ముందే, 1879-80లో, రంప పితూరీ జరిగింది. అడ్డతీగల వైపు ఆ పితూరీ నడిపిన నాయకుడి పేరు ద్వారబంధాల చంద్రయ్య. గుమ్మపు కొయ్య ఇంటిపేరైన మనిషి. 1922లో సీతారామరాజు వెంట మన్యం మళ్లీ లేచింది. అప్పటి ఫిర్యాదుల్లో అటవీ ఆంక్షలు ఒకటి, నర్సీపట్నం-లంబసింగి దారి వేయించడంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి మరొకటి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. రెండేళ్ల తరవాత కొయ్యూరులో రాజు కథ ముగిసింది.

ఈ చరిత్రను నేల కథతో కలిపి చూడటంలో అర్థం ఉంది. మైదానంలో డాబాలు లేవడానికి టేకు కావాలి. టేకు అడవిలో ఉంది. అడవికి కాపలా పెట్టిన సర్కారే కచేరీలకూ బంగళాలకూ కలప వాడుకుంది. అడవి పక్కనే ఉన్న భగత, కొండదొర, కోయ ఇళ్లకు మాత్రం వెదురు, మట్టి, గడ్డి మిగిలాయి. కొయ్య నిండిన కొండల కింద కొయ్యకు అనుమతి అడిగి బతికిన తరాలవి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఆ పాత అన్యాయాన్ని పేరు పెట్టి ఒప్పుకుంది.

ఇరవయ్యో శతాబ్దం నడిమికి టేకు పట్టెల కాలం తీరింది. సిమెంటూ ఇనుప చువ్వలూ దొరికాక, దన్ను పెట్టి స్లాబు పోయడం నేర్చుకున్నాక, ఇటుకను గాల్లో అతికించే మేస్త్రీలకు పని తగ్గింది. సున్నం గానుగలు ఆగిపోయాయి. కంకర కొట్టే ఆడవాళ్ల వరస కనుమరుగైంది. నేల మీదికి ముందు ఎర్రటి గచ్చు, తరవాత కడప, బేతంచర్ల, తాండూరు బండలు, ఆపైన మొజాయిక్, ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వచ్చే రెండడుగుల టైల్స్. కొయ్యూరు మండలంలోనూ స్లాబు ఇళ్లున్నాయి, వాటి వరండాల్లో తళతళలాడే పలకలున్నాయి. ఆ టైలు కింద సిమెంటు ఉంటుంది. సిమెంటు ఊగదు, కాబట్టి కింద ఏముందని అడిగే అలవాటు పోయింది.

ఆ అలవాటు తెలుగువాళ్లకు తిరిగి గుర్తొచ్చిన చోటు సముద్రాల అవతల ఉంది. అమెరికాలో డల్లాస్, న్యూజెర్సీ, అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కొన్న ఇళ్లు చాలావరకు కర్ర ఇళ్లే. పైఅంతస్తుల్లోనూ, చాలా ఇళ్లలో కింది అంతస్తులోనూ, నేల అంటే పదహారు అంగుళాల ఎడంతో జాయిస్టులు, వాటి మీద ప్లైవుడ్. దాన్ని అక్కడ సబ్‌ఫ్లోర్ అంటారు. దేవుడి గదిలో, వంటింట్లో కార్పెట్ తీసేసి టైల్స్ వేయించుకోవాలని తెలుగువాళ్లకు ఉంటుంది. తడిబట్టతో తుడిస్తే తప్ప శుభ్రమైనట్టు మనసుకు తోచదు మరి. పని మొదలుపెడితే, తాతగారి డాబా కట్టిన మేస్త్రి అడిగిన ప్రశ్నలే అక్కడి పనివాడూ అడుగుతాడు. పట్టెల ఎడం ఎంత? చెక్క ఎండి ఉందా? ఊగుతుందా?

అక్కడ ఆ ఊపుకు ఒక లెక్క కట్టారు. పట్టె పొడవును 360తో భాగిస్తే ఎంత వస్తుందో, బరువు పడ్డప్పుడు అంతకు మించి వంగకూడదు. పన్నెండు అడుగుల పట్టెకు అది 0.4 అంగుళం, సెంటీమీటరు మాత్రమే. పాలరాయి లాంటి సహజ శిల అయితే 720తో భాగించాలి, అంటే అందులో సగం. అంతకు మించి ఊగితే ముందు అతుకుల్లో వేసిన గ్రౌట్ రాలుతుంది, తరవాత పలక చిట్లుతుంది. అందుకని టైలు పెట్టెలు తెచ్చేముందే నేల మీద నడిచి చూస్తారు. కిర్రుమన్న చోట మేకు వదులైందని అర్థం, అక్కడ మరలు బిగిస్తారు. పుచ్చిన ప్లైవుడ్ కోసి తీసి కొత్తది వేస్తారు. పలుచగా ఉంటే మరో పొర కలుపుతారు. ప్లైవుడ్ పలకల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు వదులుతారు, చెమ్మకు ఉబ్బినా ఒకదాన్నొకటి తోసుకోకుండా.

చెక్కకూ టైలుకూ మధ్య ఏం వేయాలన్నది అక్కడా శతాబ్దం పాటు మారుతూ వచ్చిన కథే. పాతరోజుల్లో చెక్కల మీద తారుకాగితం పరిచి, దాని మీద ఇనుప జాలీ కొట్టి, అంగుళానికి పైగా సిమెంటు గచ్చు పోసి, అందులో టైలు కూర్చేవాళ్లు. 1956లో హెన్రీ రోత్‌బర్గ్ అనే రసాయన నిపుణుడు లాటిక్రీట్ సంస్థ పెట్టి, పలుచటి పొరతోనే టైలు అంటుకునే మిశ్రమాన్ని వాడుకలోకి తెచ్చాడు. తరవాత సిమెంటు బోర్డులు వచ్చాయి. వాటిని ప్లైవుడ్ మీద ఆ మిశ్రమంలో పరిచి, ఎనిమిదేసి అంగుళాలకో మర బిగించి, అతుకుల మీద జాలీ పట్టీ వేస్తారు. 1987లో జర్మనీకి చెందిన ష్లూటర్ సంస్థ డిట్రా అనే ప్లాస్టిక్ పొరను తెచ్చింది. గుంటలు గుంటలుగా ఉండే ఆ పొర కింద చెక్క కదిలినా ఆ కదలికను పై టైలుకు చేరనివ్వదు.

ఈ పొర చేసే పని మద్రాసు టెర్రస్‌లో సున్నం చేసింది. సున్నం సిమెంటులా రాయిగా బిగుసుకుపోదు. సన్నటి కదలికను ఓర్చుకుంటుంది, వెంట్రుకవాసి పగులు వస్తే నీరూ గాలీ తగిలి మెల్లగా పూడ్చుకుంటుంది, చెమ్మను లోపల బంధించకుండా బయటికి వదులుతుంది. పట్టెల ఎడం అక్కడ పదహారు అంగుళాలు, ఇక్కడ పద్దెనిమిది. కింద కొయ్య, మధ్యలో సర్దుకుపోయే పొర, పైన పలక. రెండు ఖండాల పనివాళ్లు ఒకరినొకరు చూడకుండానే ఒకే అమరికకు చేరుకున్నారు.

ఇక్కడే ఒక బాధ కూడా ఉంది. తెలుగు ఊళ్లలో మిగిలిన పాత డాబాలు, మేడలు, సర్కారు బంగళాలు ఇప్పుడు మరమ్మతుకు వస్తున్నాయి. టేకు పట్టెల మీద వందేళ్లు నిలిచిన ఆ నేలను స్లాబు అనుకుని, పైన రెండంగుళాల సిమెంటు పోసి, కొత్త టైల్స్ అతికించేస్తున్నారు. సిమెంటు పొర చెమ్మను కిందికి తోస్తుంది. అది బయటికి పోలేక పట్టె కొసల దగ్గర చేరుతుంది. కొత్త బరువు పాత పట్టెను వంచుతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి టైలు బోలు చప్పుడు చేస్తుంది, పగులుతుంది. అప్పుడు నింద పాత ఇంటి మీద పడుతుంది, ఇల్లు కూలగొడతారు. తప్పు ఇంటిది కాదు. కింద ఏముందో చూడకుండా పైన వేసినవాళ్లది.

చూడటం కష్టమేమీ కాదు. కింది గదిలో నిలబడి తలెత్తితే పట్టెలు కనిపిస్తాయి. సన్నటి బరమాతో గోడ దగ్గరి కొసను గుచ్చి చూస్తే పుచ్చు బయటపడుతుంది: గట్టి కొయ్య నుంచి వంపు తిరిగిన పీలికలు వస్తాయి, పుచ్చిన కొయ్య నుంచి పొడి రాలుతుంది. ఆ చివర నుంచి ఈ చివరకు దారం లాగి కడితే పట్టె ఎంత దిగిందో అంగుళాల్లో తెలుస్తుంది. రసమట్టం పెడితే పైన వాలు తెలుస్తుంది. పుచ్చిన పట్టె పక్కన కొత్తది జోడించవచ్చు. పగిలిన పై పలకలు తీసి, సున్నంతోనే మళ్లీ పరచవచ్చు. కొత్త టైలే కావాలనుకుంటే, ముందు పాత పై పొరలు తీసి బరువు తగ్గించాలి, తరవాతే కొత్తవి వేయాలి.

ఈ పని తెలిసిన మేస్త్రీలు ఇంకా కొందరున్నారు, వయసు మీదపడ్డవాళ్లు. ఇటుక అంచు మీద నిలబెట్టడం చూసినవాళ్లు, సున్నంలో కరక్కాయ నీళ్లు ఎంత పోయాలో చేతికొలతతో చెప్పగలిగినవాళ్లు. అటక మీద మట్టి మెత్తే పాళ్లు తెలిసిన అవ్వలు మన్యం గూడేల్లో ఉన్నారు. ఇంజనీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు ఒక్కో వేసవిలో ఒక్కో మండలం పంచుకుని ఈ మాటలు రికార్డు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నర్సీపట్నం చుట్టుపక్కల, కొయ్యూరు నుంచి చింతపల్లి దాకా, మట్టి అటకలూ టేకు పట్టెల డాబాలూ మిగిలిన ఇళ్లు లెక్కపెట్టి, కొలతలు తీసి, బొమ్మలు గీసి ఉంచాలి. మీ ఊళ్లో అలాంటి డాబా ఒకటుంటే, టైల్స్ కొట్టుకు వెళ్లే ముందు కింది గదిలోకి వెళ్లి ఒక్కసారి పట్టెలు చూడండి. ఆ ఇంటికి పని చేసిన మేస్త్రి కొడుకో మనవడో దగ్గర్లో ఉంటే పిలిచి అడగండి.